మాట రాని పిల్లలు మొండివాళ్లు కాదు – ఆటిజం గురించి తెలుసుకుందాం



పోలియో చుక్కల గురించి, రక్తహీనత గురించి, నులిపురుగుల మాత్రల గురించి మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. కానీ ఆటిజం అనే మాట మన ఊళ్లల్లో చాలామంది విని ఉండరు. పేరు తెలియకపోయినా ఆ పిల్లలు మాత్రం మన వాడల్లో, తండాల్లో ఉన్నారు. వాళ్లను మొండివాడు, మూగది, పిచ్చిది అని పిలుస్తుంటారు. జహీరాబాద్, కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల నుండి వచ్చి ఈ హాస్టల్‌లో చదువుకుంటున్న మేము, సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో వాళ్లకు చదివి వినిపించడానికి వీలుగా ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆటిజం అంటే ఏమిటి?

ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకతోనే ఉండే తేడా. దీనివల్ల ఇతరులతో కలవడం, మాట ద్వారా గానీ సైగ ద్వారా గానీ మనసులోది చెప్పడం కష్టమవుతుంది. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయడం ఉంటుంది. గ్రీకు భాషలో ‘ఆటోస్’ అంటే తాను అని అర్థం. ఆ మాట నుండే ఈ పేరు వచ్చింది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీని గురించి వివరంగా రాశాడు.

ఆటిజం పిల్లలందరూ ఒకేలా ఉండరు. కొందరికి అసలు మాట రాదు. కొందరు బాగా మాట్లాడతారు గానీ ఎదుటివారి మనసు పట్టుకోలేరు. కొందరికి బుద్ధి మాంద్యం కూడా ఉంటుంది, చాలామందికి ఉండదు. ఆడపిల్లలైతే సిగ్గరి, నెమ్మదస్తురాలు అనుకొని వదిలేస్తారు. అందువల్ల వారిలో గుర్తించడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఎలా గుర్తించాలి?

1. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం.
2. కావలసిన వస్తువును వేలితో చూపకపోవడం, మనం చూపిన వైపు చూడకపోవడం.
3. 16 నెలలకు ఒక్క మాటైనా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనలేకపోవడం. వచ్చిన మాటలు పోవడం.
4. అడిగిన ప్రశ్ననే తిరిగి అప్పజెప్పడం.
5. సైకిల్ చక్రం తిప్పుతూ, రాళ్లు వరుసగా పేరుస్తూ గంటల తరబడి ఉండడం.
6. బడి గంటకు, పండుగ డప్పులకు చెవులు మూసుకొని ఏడ్వడం. ఒకే రకం తిండి తప్ప ముట్టకపోవడం.

వీటిలో ఒకటి కనబడగానే ఆటిజం అని మనమే తేల్చకూడదు. చెవులు వినబడని పిల్లలు కూడా పిలిస్తే పలకరు. కాబట్టి ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి.

మన దగ్గర ఉన్న అపోహలు

ఏడేళ్లకు మాట వస్తుందిలే అంటారు. ఈ ఎదురుచూపే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. చిన్నతనంలో మెదడు త్వరగా నేర్చుకుంటుంది. రెండు మూడేళ్లకే సాధన మొదలుపెట్టిన బిడ్డకు, ఎనిమిదేళ్లకు మొదలుపెట్టిన బిడ్డకు తేడా ఉంటుంది. అలాగని ఎనిమిదేళ్లు దాటితే లాభం లేదని కాదు. ఏ వయసులోనైనా నేర్పవచ్చు.

జహీరాబాద్ కర్ణాటక సరిహద్దులో ఉంది. ఒకే బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ, లంబాడీ మాటలు వినబడతాయి. ఇన్ని భాషల మధ్య పిల్లవాడు తికమకపడుతున్నాడని కొందరంటారు. ఎక్కువ భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. అమ్మ ఏ భాషలో మనసారా మాట్లాడగలదో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడాలి.

ఇంకొందరు బాణామతి చేశారని, గ్రహణం పట్టిందని అనుమానిస్తారు. తాయెత్తులకు, మొక్కులకు అప్పులు చేస్తారు. ఎవరి నమ్మకం వారిదే అయినా పరీక్ష మాత్రం ఆగకూడదు. పొరుగువారి మీద నింద వేయడం అంతకన్నా తప్పు. తల్లి సరిగా పెంచలేదనే మాట కూడా అబద్ధం. ఒకప్పుడు కొందరు వైద్యులే అలా అన్నారు, తర్వాత అది తప్పని తేలింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో వచ్చిన పరిశోధన పత్రాన్ని, దాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

ఆటిజాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. పోగొడతామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. మార్పు తెచ్చేది శిక్షణ మాత్రమే.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. ఆ రోజున బిడ్డను తప్పక చూపించాలి.

బడి వయసు పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పనిచేస్తారు. కదలలేని పిల్లలుంటే వారి ఇంటికే వెళ్లి నేర్పే ఏర్పాటు కూడా ఉంది. వివరాలు మండల విద్యాధికారి కార్యాలయంలో అడగవచ్చు.

సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. దానిని ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. మన దేశమంతటా ఆటిజాన్ని అంచనా వేయడానికి వాడే కొలమానం అక్కడే తయారైంది. అందులో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుండి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్లు, 70 నుండి 106 వరకు స్వల్పం, 107 నుండి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. పరీక్షల మార్కులకు ఇది తలకిందులు. ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ సహాయం కావాలని అర్థం.

జహీరాబాద్ నుండి సికింద్రాబాద్‌కు వంద కిలోమీటర్లకు పైనే. బస్సు ఛార్జీతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది. అందుకే ముందు దగ్గరలో చూపించి, అవసరమైతే కాగితాలన్నీ పట్టుకొని ఒకేసారి వెళ్లడం మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, వాటిలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజాన్ని చేర్చారు. 2016 చట్టం వైకల్యాలను 21కి పెంచి ఆటిజాన్నీ అందులో చేర్చింది. ఈ చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. బిడ్డకు వైకల్యం ఉందని బడి వారు చేర్చుకోకుండా ఉండరాదు.

ధ్రువపత్రం కోసం యూడీఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. తర్వాత ప్రభుత్వ వైద్య బోర్డు పరీక్షిస్తుంది. చాలా రాయితీలకు ఈ పత్రమే ఆధారం. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది.

ఇంట్లో ఏం చేయవచ్చు?

భవిత కేంద్రంలో నేర్పేది కొద్ది గంటలే, మిగతా సమయమంతా బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. దీనికి ఖర్చు అక్కరలేదు.

• ఒకసారి ఒక్క మాటే చెప్పాలి. “లేచి ముఖం కడుక్కొని బువ్వ తిని బడికి పో” అంటే ఆ బిడ్డకు అర్థం కాదు. “లే” అని, లేచాక “ముఖం కడుక్కో” అని చెప్పాలి.
• పాత క్యాలెండర్ అట్ట మీద చెంబు, పళ్లెం, చొక్కా, బడి బొమ్మలు వరుసగా గీసి గోడకు తగిలించాలి. ఒక్కో పని అయ్యాక దాని మీద వేలు పెట్టించాలి. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది.
• పెద్ద పనిని చిన్న ముక్కలు చేయాలి. చొక్కా తొడగడంలో చివరి గుండీ ఒక్కటే మొదట బిడ్డతో పెట్టించి, తర్వాత రెండు, తర్వాత మూడు చేయాలి. చేసిన వెంటనే మెచ్చుకోవాలి.
• అడగకముందే అన్నీ చేతికి ఇవ్వకూడదు. రొట్టె ఎదురుగా పెట్టి, వేలితో చూపించాకనే ఇవ్వాలి. సైగ కూడా మాటే. సైగ నేర్పితే మాట రాదని భయపడనక్కరలేదు.
• ఏడ్చి దొర్లుతున్నప్పుడు కొట్టరాదు. చప్పుడు, ఎండ, ఆకలి, బట్ట గుచ్చుకోవడం – ఏది బాధిస్తోందో వెతకాలి.
• ఈ పిల్లల్లో కొందరు చెప్పకుండా వెళ్లిపోతారు. మన ఊళ్లకు బావులు, చెరువులు, 65వ నంబరు జాతీయ రహదారి దగ్గర. జేబులో ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచాలి.

మన బాధ్యత

2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో హైదరాబాద్‌తో సహా మన దేశంలోని ఐదు చోట్ల పిల్లలను పరీక్షించారు. 6 నుండి 9 ఏళ్ల వారిలో 100 మందికి 13 మందికి పైగా వినికిడి, చూపు, మాట, ఆటిజం, చదువులో ఇబ్బంది వంటి వాటిలో ఏదో ఒకటి ఉన్నట్లు తేలింది. అంటే 40 మంది ఉన్న తరగతిలో సుమారు ఐదుగురు. అటువంటి తోటివారిని వెక్కిరించకుండా పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆటలో వారికి ఒక పని ఇవ్వాలి. వారు పలకకపోయినా పేరు పెట్టి పలకరించాలి.

2008 నుండి ప్రతి ఏటా ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా జరుపుతున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మనకు వేసవి సెలవులు వస్తాయి. మన ఇళ్లల్లో చాలామందికి మనమే మొదటి చదువరులం. దరఖాస్తు నింపేది, బోర్డు చదివేది, ఆఫీసులో అడిగేది మనమే. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మాట రాని తమ్ముడో, చెల్లెలో, పక్కింటి బిడ్డో కనబడితే “ఇంకా చూద్దాం” అననివ్వకండి. వాళ్ల అమ్మ చేయి పట్టుకొని మండల విద్యాధికారి కార్యాలయానికి తీసుకువెళ్లండి. చదువుకున్నందుకు మనం ఊరికి చేయగలిగిన మేలు ఇది.