ఫీజు సరే, పేపర్ చదివిందెవరు?

'స్కోపస్ గ్యారంటీ, 48 గంటల్లో యాక్సెప్టెన్స్, ఆథర్ పేరు కలపాలంటే అదనపు ఫీజు'. ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి పోస్టర్లు తిరుగుతూనే ఉంటాయి. ప్రమోషన్ ఫైల్లో ఒక్క పేపర్ తక్కువైన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మనసు లాగడం సహజం. యూపీఐ పిన్ నొక్కే ముందు కొంచెం ఆగండి.

ఫీజు అడిగినంత మాత్రాన దొంగ కాన్ఫరెన్స్ అయిపోదు. పేరున్నవాటికీ రిజిస్ట్రేషన్ రుసుము ఉంటుంది. అసలు చిక్కు వేరే ఉంది. కాన్ఫరెన్స్ పేపర్లను ప్రొసీడింగ్స్‌గా వేసే ప్రచురణ సంస్థ రివ్యూ పనిని చాలావరకు నిర్వాహకులకే అప్పజెబుతుంది. వాళ్ల రాబడేమో రిజిస్ట్రేషన్ల మీదే. వెనక్కి పంపిన ప్రతి పేపరూ వాళ్లకు నష్టమే అయినప్పుడు, గట్టిగా చదవాలని ఎవరికుంటుంది?

పెద్ద పేర్లు కూడా దీన్ని ఆపలేకపోయాయి. సైజెన్ అనే ప్రోగ్రాం అల్లిన తలాతోకా లేని పేపర్లు 120కి పైగా స్ప్రింగర్, ఐఈఈఈ ప్రచురణల్లో ఉన్నాయని ఫ్రాన్స్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త సిరిల్ లాబే పట్టుకున్నారు. 2014లో వాటిని తొలగించాల్సి వచ్చింది. 2021లో వెలువడిన రెండు కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లోని 350 పేపర్లను ఐఓపీ పబ్లిషింగ్ మరుసటి ఏడాది రద్దు చేసింది.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇంకోటి. రివ్యూ స్థానంలో ప్లేజరిజం శాతం వచ్చి కూర్చుంది. 'సిమిలారిటీ తగ్గించి పంపండి' అని ఒక్క ముక్క మెయిల్ వస్తుంది. మనవాళ్లు పేరాను తిప్పి రాసే టూల్‌లో వేస్తారు. అది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ను 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అంటుంది, బ్రెస్ట్ క్యాన్సర్‌ను 'బూజమ్ పెరిల్' చేస్తుంది. శాతం తగ్గుతుంది, పేపర్ అచ్చవుతుంది. 2021 నుంచి పరిశోధకులు గియోమ్ కబనాక్, లాబేల బృందం ఇలాంటి వింత మాటలనే వెతికి పేపర్లను బయటపెడుతోంది. రాసినవాళ్ల పేరుతో సహా దొరికిపోతాయన్నమాట.

అందుకే కట్టే ముందు కిందటేడు ప్రొసీడింగ్స్ తెరిచి మీ సబ్జెక్టు పేపర్లు రెండు మూడు చదవండి. గంట పని. సర్క్యూట్ల కాన్ఫరెన్సులో పంటల తెగుళ్లు, బ్యాంకు మార్కెటింగ్ కలగలిసి కనిపిస్తే అక్కడే వదిలేయండి. పోస్టర్ మీద ఐఈఈఈ లోగోను నమ్మకండి, ఆ సంస్థ సొంత జాబితాలో కాన్ఫరెన్స్ పేరు ఉందో లేదో వెతకండి. ఐఎస్‌బీఎన్, డీఓఐ ఉన్నాయన్నది నాణ్యతకు హామీ కాదు. జరగబోయే కాన్ఫరెన్సుకు స్కోపస్ గ్యారంటీ ఇచ్చే అధికారం నిర్వాహకులకు లేదు. తన పేపర్ల సూచీలోకి ప్రొసీడింగ్స్‌ను తీసుకోవాలో వద్దో తేల్చేది స్కోపస్.

కీనోట్ ఇస్తారన్న ప్రొఫెసర్‌కు ఒక మెయిల్ పెట్టండి. హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు, కాన్ఫరెన్సులు నడిపిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసినప్పుడు, ఒప్పుకోని ప్రొఫెసర్ల పేర్లను వక్తలుగా ప్రచారం చేశారన్నది ఆరోపణల్లో ఒకటి. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

యాక్సెప్టెన్స్ వచ్చాక రివ్యూయర్ల వ్యాఖ్యలు అడగండి. మీ మూడో టేబుల్లో ఏం తేడా ఉందో, ఏ పాత పనితో పోల్చలేదో చెబితే అది రివ్యూ. 'గుడ్ వర్క్, ఫార్మాట్ సరిచేయండి' అన్నది రసీదు.

అసలు మీకు ఆ పేపర్ అవసరమా అన్నదీ చూసుకోండి. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ ఉండి తీరాలన్న పీహెచ్‌డీ నిబంధనను 2022లో యూజీసీ ఎత్తేసింది. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతున్నాయి కాబట్టి మీ దగ్గరి రూల్‌ను రాతపూర్వకంగా తీసుకోండి. నమ్మదగ్గ పత్రికల పేర్లు చెప్పే కేర్ జాబితానూ యూజీసీ 2025లో ఆపేసింది. మంచిచెడులు తేల్చుకునే భారం ఇప్పుడు కాలేజీదీ, మీదీ.

డబ్బే ఇబ్బందైతే ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి 'సాధన' లాంటి పత్రికలో రుసుము లేకుండానే వేయవచ్చు. నెలలు పడుతుంది, తిప్పి పంపినా పంపుతారు. ప్రమోషన్ గడువును లెక్కలో పెట్టుకుని ముందే పంపండి. మీకు చెప్పకుండా ఎవరైనా మీ పేరు పేపర్లో కలిపితే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రచురణ సంస్థకే నేరుగా మెయిల్ రాసి, కాపీ దాచుకోండి.