ఎర్ర గీత ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

కంప్యూటరులో తెలుగు వ్యాసం టైపు చేస్తున్నప్పుడు కొన్ని పదాల కింద మెలికలు తిరిగిన ఎర్ర గీత పడడం మీరు చూసే ఉంటారు. పరీక్ష పేపర్లలో మాస్టారు ఎర్ర సిరాతో గీసే గీతలాగే ఉంటుంది కాబట్టి, చాలామంది పిల్లలు దాన్ని చూడగానే తప్పు చేశామనుకుని, యంత్రం చూపించిన పదాన్ని పెట్టేసి ముందుకు పోతారు. గీత పడకపోతే అంతా సరిగా ఉందనుకుంటారు. ఈ రెండు నమ్మకాలూ ఎంతవరకు నిలుస్తాయో చూద్దాం.

నెల్లూరు జిల్లా తీరంలో, మైపాడు వైపున్న ఒక పల్లెలో, తుపాను రోజుల్లో ఒక కుర్రవాడు పంచాయతీ నోటీసు ఇలా టైపు చేశాడనుకోండి:

"అల్పపీడనం బలపడి తుపానుగా మారింది. మత్సకారులు వేటకు వెళ్లవచ్చు. తెప్పలను ఒడ్డుకు చేర్చింది. గాలి గంటకు 19 కిలోమీటర్ల వేగంతో వీస్తుంది."

ఇందులో నాలుగు తప్పులున్నాయి. "మత్సకారులు" అన్న చోట "మత్స్యకారులు" అని ఉండాలి. "వెళ్లవచ్చు" కాదు, "వెళ్లరాదు". "చేర్చింది" కాదు, "చేర్చండి". 19 కాదు, 90. ఈ నాలుగింటిలో అక్షర దోషాలు పట్టే సాధనం పట్టగలిగింది మొదటిది ఒక్కటే. నిజానికి ఆ ఒక్కటీ ఎవరి ప్రాణానికీ ముప్పు తెచ్చేది కాదు. "మత్సకారులు" అని రాసినా జనానికి అర్థమవుతుంది. ప్రమాదమంతా గీత పడని మూడింటిలోనే ఉంది. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే ఆ సాధనం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

యంత్రానికి అర్థం తెలియదు

వర్డ్ ప్రాసెసరు లోపల ఒక పెద్ద పదాల పట్టిక ఉంటుంది. మీరు టైపు చేసిన పదం ఆ పట్టికలో ఉందా, లేదా అని మాత్రమే అది చూస్తుంది. లేకపోతే గీత గీస్తుంది. "చేర్చింది" పట్టికలో ఉంది, "చేర్చండి" కూడా ఉంది. ఆ చోట ఏది ఉండాలో దానికి పట్టదు. గీతకు "ఇది తప్పు" అని అర్థం కాదు, "ఈ పదం నా పట్టికలో లేదు" అని అర్థం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1961 లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో లెస్ ఎర్నెస్ట్ అనే శాస్త్రజ్ఞుడు చేతిరాతను చదివే ప్రోగ్రాము తయారుచేస్తూ, చదివిన మాట సరైనదో కాదో చూసుకోడానికి 10,000 పదాల పట్టికను అందులో పెట్టాడు. తరువాత 1971 లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన శిష్యుడు రాల్ఫ్ గోరిన్, అక్షర దోషాలు వెతకడమే పనిగా ఒక ప్రోగ్రాము రాశాడు. టైపు చేస్తూండగానే ఎర్ర గీత పడే పద్ధతి మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 1995 లో వచ్చింది.

నిజానికి రాతలో తప్పులు పట్టే పని కంప్యూటరు కంటే చాలా పాతది. మన నెల్లూరు కవి తిక్కన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు తాటాకుల మీద రాసేవాడని కథ చెబుతారు. ఆ తరువాత ఆ తాటాకులకు నకలు, ఆ నకలుకు మరో నకలు రాసుకుంటూ పోయారు. ప్రతి నకలులోనూ కొన్ని తప్పులు దొర్లేవి. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌను ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, తప్పులు దిద్దించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 లో వెలువడింది. బ్రౌను పండితులు చేసినది అర్థం తెలిసి చేసిన పని. యంత్రం చేసేది పట్టికతో పోల్చే పని. ఈ తేడా మరచిపోకండి.

యంత్రం తెలుగును ఎలా చూస్తుంది?

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ అనే ఏర్పాటులో, 1991 లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 వరకు 128 గదులు తెలుగువి. అన్నీ నిండలేదు, కొన్ని ఖాళీగా ఉన్నాయి. "అ" సంఖ్య 3077, "మ" సంఖ్య 3118, పొల్లు గుర్తు సంఖ్య 3149. మనం "అమ్మ" అని రెండక్షరాలు రాస్తే యంత్రం లోపల 3077, 3118, 3149, 3118 అని నాలుగు సంఖ్యలు పడతాయి. "మ"కు మ వత్తు ఇవ్వడమంటే యంత్రం దృష్టిలో "మ", పొల్లు, మళ్లీ "మ" అన్నమాట.

దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. "నెల్లూరు" అనబోయి ఒక విద్యార్థి "నెలూరు" అని టైపు చేశాడనుకుందాం. పట్టికలో లేదు కాబట్టి గీత పడుతుంది. ఇప్పుడు యంత్రం దగ్గరి పదాలను సూచించాలి. దగ్గర అంటే ఏమిటి? ఒక గుర్తును చేర్చడం, ఒకదాన్ని తీసివేయడం, ఒకదాని బదులు మరొకటి పెట్టడం, వీటిలో ప్రతిదాన్నీ ఒక అడుగుగా లెక్కిస్తారు. రష్యా శాస్త్రజ్ఞుడు లెవెన్‌స్టీన్ 1965 లో ప్రతిపాదించిన కొలత ఇది. అంతకు ఒక ఏడాది ముందే అమెరికాలో డామెరావ్, టైపు తప్పుల్లో నూటికి ఎనభైకి పైగా ఇలాంటి ఒక్క అడుగు తప్పులేనని, లేదా పక్కపక్క అక్షరాలు తారుమారైనవేనని చూపించాడు.

ఇక లెక్క కట్టండి. "నెలూరు"లో ఆరు గుర్తులున్నాయి: న, ఎత్వం, ల, ఊత్వం, ర, ఉత్వం. దాన్ని "నెల్లూరు" చేయాలంటే పొల్లు, మరొక "ల" చేర్చాలి, అంటే రెండడుగులు. "వేలూరు" చేయాలంటే "న" బదులు "వ", ఎత్వం బదులు ఏత్వం పెట్టాలి, మళ్లీ రెండడుగులు. "ఏలూరు" చేయాలంటే "న"ను తీసివేసి, ఎత్వం స్థానంలో "ఏ" పెట్టాలి, అదీ రెండడుగులే! మన నెల్లూరు, తమిళనాడులోని వేలూరు, గోదావరి ప్రాంతపు ఏలూరు, మూడూ యంత్రానికి సమాన దూరంలో ఉన్నాయి. మనం మాత్రం వత్తు మరచిపోయాడని చూడగానే చెప్పేస్తాం. మంచి సాధనం తయారుచేసేవారు, తెలుగువారు ఎక్కువగా ఎక్కడ పొరబడతారో (వత్తులు, దీర్ఘాలు, ల–ళ, శ–ష–స) ఆ తప్పులకు తక్కువ దూరం ఇస్తారు. ఎక్కువ వాడుకలో ఉన్న పదాన్ని ముందు చూపిస్తారు. అందుకే సూచనల జాబితాలో మొదటిదే సరైనదని కళ్లు మూసుకుని నొక్కకూడదు.

కంటికి కనబడని చిక్కు ఇంకొకటి ఉంది. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు "ట్"కూ "వే"కూ మధ్య ఒక కనబడని గుర్తు పెడితేనే అవి విడిగా ఉంటాయి. పెట్టకపోతే "ట"కు వ వత్తు వచ్చి "సాఫ్ట్వేర్" అవుతుంది. చదివితే రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం రెండు వేరు పదాలు.

పట్టిక ఎంత పెద్దది కావాలి?

ఇంగ్లీషుకు లక్ష పదాల పట్టిక ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. తెలుగుకు జరగదు. "పడవ" అన్న మాట తీసుకోండి. పడవ, పడవను, పడవకు, పడవతో, పడవలో, పడవపై, పడవనుంచి... ఇలా పది రూపాలనుకుందాం. బహువచనంలో మరో పది. ఒక్కొక్క రూపం చివర ఏ, ఓ, ఆ, ఊ చేరవచ్చు, చేరకపోవచ్చు, కాబట్టి ఐదు విధాలు. ఇరవైని ఐదుతో గుణిస్తే 100. ఒక్క నామవాచకానికే నూరు రూపాలైతే, ఇరవై వేల నామవాచకాలకు ఇరవై లక్షలు! క్రియల జోలికి ఇంకా పోనే లేదు. "రాలేకపోయినవాళ్లకైనా" అన్నది మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో ఇదే చెప్పడానికి ఏడు మాటలు కావాలి.

దానికి తోడు సంధులు. "నెల్లూరంతా", "వాడెక్కడ", "ఇంకేముంది", "నాలుగెకరాలు". చిన్నయసూరి 1858 లో వెలువడిన బాలవ్యాకరణంలో సూత్రాలు కట్టి చూపిన ఈ సంధులను మీరు తెలుగు క్లాసులో విడదీసి రాస్తుంటారు కదా! యంత్రం కూడా అదే చేయవలసి ఉంటుంది. విడదీయలేకపోతే తప్పేమీ లేని "నెల్లూరంతా" కింద గీత గీస్తుంది.

ఈ బాధ మనకొక్కరికే లేదు. హంగేరీ భాష కూడా మాటకు మాట అతికించుకుంటూ పోయేదే. ఆ దేశానికి చెందిన లాస్లో నెమెత్ తన భాష కోసం తయారుచేసిన హన్‌స్పెల్ అనే సాధనం ఇప్పుడు లిబ్రెఆఫీస్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ పనిచేస్తున్నది. అందులో రెండు ఫైళ్లుంటాయి. ఒకదానిలో మూల పదాలు, రెండవదానిలో వాటికి ఏ ప్రత్యయాలు ఎలా చేరతాయో నియమాలు. అన్ని రూపాలనూ పట్టికలో రాయకుండా, కావలసినప్పుడు నియమంతో పుట్టించుకోవడం ఇందులోని కిటుకు. అయితే తెలుగులో ఆ నియమాలూ ఒకటీ రెండూ కావు. పడవ పడవలవుతుంది, చెట్టు చెట్లవుతుంది, ఇల్లు ఇళ్లవుతుంది, రాయి రాళ్లవుతుంది. పదాన్ని ఇలా మూలం, ప్రత్యయాలుగా విడదీసే తెలుగు విశ్లేషకాల మీద హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య జి. ఉమామహేశ్వరరావు మొదలైనవారు చాలా కాలం పనిచేశారు.

వ్యాకరణం సంగతి

"పిల్లలు ఆడుకుంటున్నాడు" అని రాస్తే కర్తకూ క్రియకూ పొంతన లేదని యంత్రానికి నేర్పవచ్చు. కానీ "డాక్టరు గారు వచ్చారు" అంటే? డాక్టరు ఒక్కరే, క్రియ బహువచనంలో ఉంది. మర్యాద అన్నది తెలియని యంత్రం దీన్నీ తప్పంటుంది. మన నోటీసులోని "తెప్పలను ఒడ్డుకు చేర్చింది" వ్యాకరణం ప్రకారం సరైన వాక్యమే. తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేయవచ్చు. ఎవరో ఆమె, లేదా ఏదో అల, తెప్పలను చేర్చిందనుకోవచ్చు. కాబట్టి వ్యాకరణ పరీక్షకూ ఇది దొరకదు. ఇంగ్లీషుకు ఉన్నంత పదునైన వ్యాకరణ సాధనం తెలుగుకు మామూలు వర్డ్ ప్రాసెసర్లలో లేదు కూడా. ఈమధ్య వచ్చిన కొన్ని సాధనాలు పక్క వాక్యాలను కూడా చూసి "చేర్చండి" కావచ్చునని ఊహించగలవు.

19 సంగతేమిటి? దాన్ని పట్టడానికి పదాల పట్టిక అక్కరలేదు, సైన్సు పాఠం కావాలి. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే దాన్ని తుపాను అంటారు. 19 కిలోమీటర్ల గాలిని ఎవరూ తుపాను అనరు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ నోటీసు చదివి వినిపించండి. ఒక్క క్షణంలో తప్పు పట్టేస్తారు.

మీరూ చేసి చూడండి

లిబ్రెఆఫీస్ రైటరులో గానీ వర్డ్‌లో గానీ పైన ఇచ్చిన నోటీసును తప్పులతో సహా టైపు చేయండి. ముందుగా వాక్యాలన్నిటినీ ఎంచుకుని వాటి భాష తెలుగు అని నిర్ణయించండి. భాష ఇంగ్లీషుగా ఉంటే సాధనం పనిచేయదు, లేదా అన్నిటికీ గీతలు పడతాయి. తెలుగు నిఘంటువు లేకపోతే దాన్ని విడిగా చేర్చుకోవాలి. తరువాత ఎఫ్ 7 మీట నొక్కండి. ఏయే పదాల దగ్గర ఆగిందో, ఏమేమి సూచించిందో నోటు పుస్తకంలో రాసుకోండి. చివరగా కాగితం మీద అచ్చు తీసి, నోటీసు అసలు ప్రతి ఒకరు పైకి చదువుతుంటే మరొకరు అచ్చు ప్రతి చూస్తూ వేలు పెట్టి సరిచూడండి. ముఖ్యంగా అంకెలను, "కాదు", "రాదు", "వద్దు" అనే మాటలను రెండుసార్లు చూడాలి.

రెండవ ప్రయోగం మన ఊరి మాటలతో. వంజరం, చందువ, కానాగంత, బొమ్మిడాయి, మొలకొలుకులు అని టైపు చేయండి. పట్టిక తయారుచేసినవారు మన తీరానికి రాకపోయి ఉంటే వీటిలో కొన్నిటి కింద గీత పడుతుంది. "కయ్య" అని రాస్తే "కయ్యం" అని దిద్దమని చెప్పే అవకాశమూ ఉంది, ఒక్క సున్నాయే కదా దూరం! వరి కయ్యకు నీళ్లు పెట్టడం వేరు, కయ్యం పెట్టుకోవడం వేరు. ఇలాంటి చోట యంత్రం మాట విని మీ మాటను మార్చకండి. పదం మీద మౌసు కుడి మీట నొక్కి, నిఘంటువులో చేర్చమనే ఆజ్ఞ ఇవ్వండి. అలా చేర్చినవన్నీ ఒక చిన్న ఫైలులోకి పోతాయి. క్లాసులో అందరూ కలిసి చేపల పేర్లు, వలల పేర్లు, వరి రకాలు సేకరించి ఒకే ఫైలు తయారుచేసి, బడిలోని కంప్యూటర్లన్నిటిలో పెట్టుకోవచ్చు. అయితే "కానాగంత" ఒక్కటి చేర్చితే "కానాగంతలు", "కానాగంతలతో" వాటంతట అవి చేరవు. ఎందుకో పైన చెప్పుకున్నాం. తరచు వాడే రూపాలను కూడా విడివిడిగా చేర్చాలి.

చేర్చే ముందు పదాన్ని ఆ పని చేసేవారి నోట విని, ఇంకొకరిని కూడా అడిగి రాయండి. తప్పు రూపాన్ని ఒకసారి చేర్చారంటే అప్పటినుంచి దాని కింద గీత పడదు. అలా చేరిపోయిన దాన్ని తీసివేయాలంటే ఆప్షన్లలోకి వెళ్లి, మీ సొంత నిఘంటువు తెరిచి, ఆ పదాన్ని ఎంచుకుని తొలగించాలి.