పాలసీసా మూత తీసిన పిట్టలు

పిట్టలు గింజలు, పురుగులు, పండ్లు తింటాయని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. కానీ ఇంగ్లండులో కొన్ని పిట్టలు జనం గుమ్మాల ముందున్న పాలసీసాల మూతలు తీసి మీగడ తినడం నేర్చుకున్నాయి. వాటికి ఎవరు నేర్పారు? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలకు చాలాకాలం పని పెట్టింది.

ఆ పిట్టల పేరు టిట్. (పాలపిట్ట అనుకునేరు! మన పాలపిట్టకు పాలతో ఏ సంబంధమూ లేదు.) వాటిలో బ్లూ టిట్ మన పిచ్చుక కన్నా చిన్నది. నెత్తి నీలం, పొట్ట పసుపు. గ్రేట్ టిట్ కాస్త పెద్దది. దీని దగ్గరి చుట్టం మన తూర్పు కనుమల అడవుల్లోనూ ఉంది. నల్లని తల, తెల్లని చెక్కిళ్ళు, పొట్ట మధ్యలో నల్లని చార చూసి గుర్తుపట్టవచ్చు.

ఆ రోజుల్లో అక్కడ పాలవాడు తెల్లవారుజామునే గుమ్మం దగ్గర సీసాలు పెట్టి వెళ్ళేవాడు. మూతి మీద అట్టమూత గానీ పల్చని రేకుమూత గానీ ఉండేది. పాల మీద మీగడ తేలి ఉండేది. సౌతాంప్టన్ దగ్గర స్వేత్లింగ్ అనే చోట 1921లో పిట్టలు ఈ మూతలు తీస్తున్నట్టు మొదటిసారి నమోదైంది. ఫిషర్, హైండ్ అనే ఇద్దరు దేశమంతటి నుంచి సమాచారం సేకరించి 1949లో వ్యాసం ప్రచురించారు. రేకైతే ముక్కుతో పొడిచి పేలికలుగా చీల్చేవి, అట్టైతే పొరలు పొరలుగా ఊడదీసేవి. పాలబండి వెంటే వెళ్ళిన గుంపులూ ఉన్నాయట! సీసాలో తలకిందులుగా పడి చచ్చిపోయినవీ ఉన్నాయి, పాపం. ఇంటివాళ్ళు చివరికి సీసాల మీద కప్పులు, రాళ్ళు పెట్టుకోవలసి వచ్చింది.

టిట్లు పుట్టినచోటు నుంచి సాధారణంగా ఎక్కువ దూరం పోవు. మరి దూరదూరపు ఊళ్ళలో ఇదే అలవాటు ఎలా వచ్చింది? అక్కడక్కడా ఏదో ఒక పిట్ట సొంతంగా కనిపెట్టి ఉండాలి, మిగతావి దాని ద్వారా నేర్చుకుని ఉండాలి. చెట్టు బెరడు చీల్చి పురుగులు వెతకడం వాటికి పుట్టుకతో వచ్చిన పనే. మూత చీల్చడమూ అలాంటిదే కదా!

1984లో కెనడాలో షెర్రీ, గేలెఫ్ అనే వారు టిట్ల బంధువులైన చికడీ పిట్టలకు రేకు కప్పిన చిన్న గిన్నెలు పెట్టి చూశారు. ఇంకో పిట్ట తెరుస్తుంటే చూసినవి నేర్చుకున్నాయి. తెరిచి ఉన్న గిన్నెలో ఊరికే తిన్నవి కూడా నేర్చుకున్నాయి! సీనియర్ అన్న బోర్డు మీద లెక్క చేస్తుంటే చూడటం ఒకటి, ఆయన చేసి వదిలేసిన లెక్కను మర్నాడు చూడటం మరొకటి. పిట్టకు రెండోదీ సరిపోయింది. నాకైతే ఇదే అన్నిటికన్నా ఆశ్చర్యం.

ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో లూసీ ఆప్లిన్ బృందం చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. లోపల పురుగులు పెట్టిన పెట్టె. తలుపును ఏ పక్కకు జరిపినా తిండి దొరుకుతుంది. ఒక్కో ప్రాంతం నుంచి రెండేసి గ్రేట్ టిట్లను పట్టి, ఒక పక్కకే జరపడం నేర్పి వదిలారు. మూడు వారాల లోపే ఆ ప్రాంతాల్లో సుమారు నాలుగింట మూడు వంతుల పిట్టలు నేర్చుకున్నాయి, అదీ ఎక్కువగా తమ ప్రాంతం పద్ధతిలోనే. వేరే ప్రాంతానికి వలసపోయినవి అక్కడి పద్ధతికి మారాయి. మరుసటి ఏడాదీ ఆ అలవాటు నిలిచింది.

ఇప్పుడు అక్కడ చాలామంది దుకాణాల్లో ప్లాస్టిక్ సీసాల పాలు కొంటున్నారు. వెన్న తీసిన పాలపై, యంత్రంలో కలియగొట్టిన పాలపై మీగడ తేలదు. అందుకని పిట్టల ఈ విద్య దాదాపు అంతరించింది. వాటి కోసం జనం పెరట్లో వేరుశనగ గింజల బుట్టలు వేలాడదీస్తున్నారు.