ఇంగ్లండు బడిలో ఉపాధ్యాయ పదవి: చట్టబద్ధమైన మార్గము

గణితమునందో, భౌతిక రసాయన శాస్త్రములందో పట్టము పుచ్చుకొని, తదుపరి బీ.ఎడ్. కూడ ముగించి, ప్రైవేటు పాఠశాలలో స్వల్ప జీతమునకు పాఠములు చెప్పుచు, డీఎస్సీ ప్రకటన కొఱకు ఏండ్ల తరబడి ఎదురుచూచు యువతీయువకులు మన రెండు తెలుగు రాష్ట్రములందును కోకొల్లలుగా నున్నారు. వారిలో కొందఱి చూపు ఇప్పుడు ఇంగ్లండు పాఠశాలల వైపు మరలుచున్నది. ఆ యాశ న్యాయమైనదే. దానిని నెరవేర్చుకొనుటకు చట్టసమ్మతమైన రాజమార్గమును కలదు. ఆ మార్గము కన్నులయెదుట నుండగా, దళారి గడప త్రొక్కి, తల్లిదండ్రులు కూడబెట్టిన లక్షలను పోగొట్టుకొనువారిని చూచినపుడు మనసు కలుక్కుమనును. "ముందు విజిటర్ వీసాపై వెళ్లండి, అక్కడ బడిలో చేర్పిస్తాం" అని ఎవ్వరైన పలికినచో ఆ సంభాషణను అంతటితో ముగింపవలెను. ఆ వీసాతో అచ్చట జీతమునకు పాఠము చెప్పుట చట్టవిరుద్ధము.

2023 ఫిబ్రవరి 1వ తేదీ వఱకు మన దేశపు ఉపాధ్యాయ శిక్షణకు ఇంగ్లండులో నేరుగా గుర్తింపు లేదు. ఆనాటి నుండి భారతదేశము, ఘానా, నైజీరియా, జింబాబ్వే మొదలగు దేశములలో శిక్షణ పొందినవారు, క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్, అనగా క్యూ.టీ.ఎస్. కొఱకు ఇంటినుండియే దరఖాస్తు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు. అయితే మన దేశమువారికి ఒక పరిమితి విధింపబడినది: పదునొకటి మొదలు పదునాఱేండ్ల వయసు గల విద్యార్థులకు గణితముగాని, విజ్ఞాన శాస్త్రముగాని, ఫ్రెంచి, జర్మను, స్పానిషు వంటి భాషలుగాని బోధింప శిక్షణ పొందినవారికే ఈ ద్వారము తెఱచియున్నది. పట్టము, ఉపాధ్యాయ శిక్షణ, కనీసము ఒక విద్యాసంవత్సరపు బోధనానుభవము, ఆంగ్లభాషా సామర్థ్యము, ఇవి ఉండవలెను. సాంఘిక శాస్త్రము బోధించువారు ఈ దారిని నమ్ముకొనరాదు. ఇది ఇంగ్లండుకు మాత్రమే చెల్లునని, స్కాట్లండునందు వేఱు నమోదు అవసరమని కూడ గుర్తింపవలెను.

ఇక పత్రముల సంగతి. మనవారు తడబడునది ఇక్కడనే గనుక కొంత విపులముగా చెప్పుట అవసరము. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ఒక పొడి అక్షరముగా నుండును. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా, ఒక్కొక్కప్పుడు వేఱు వర్ణక్రమముతో నుండును. వివాహానంతరము స్త్రీలకు భర్త ఇంటిపేరు మూడవదిగా వచ్చి చేరును. మనకు ఈ మూడును ఒకే మనిషివని చూడగానే తెలియును. ఎక్కడో కూర్చుండి పత్రములను పరిశీలించు అధికారికి తెలియదు. కావున పేరు మార్పును రుజువు చేయు వివాహ ధ్రువపత్రమువంటివి ముందే సిద్ధపఱచుకొనవలెను. ప్రొవిజనల్ సర్టిఫికెట్టుతో సరిపెట్టుకొని ఏండ్లు గడపినవారు విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు చేసి ఒరిజినల్ డిగ్రీని తెచ్చుకొనవలెను. ఆంగ్ల మాధ్యమమున చదివినవారు ఆ సంగతిని తెలుపు పత్రమును అక్కడనే పుచ్చుకొనుట మేలు. అన్నిటికంటె కష్టమైనది అనుభవపత్రము. నియామకపు ఉత్తరువైనను ఇయ్యక, జీతమును చేతికే ఇచ్చు పాఠశాలలు మనకడ తక్కువేమియు కావు. అట్టిచోట పనిచేయువారు, విడిచిపెట్టిన పిదప గాక, ఉద్యోగమున ఉన్నపుడే, చేరిన తేది, బోధించిన తరగతులు, విషయములు వ్రాసిన లేఖను లెటర్‌హెడ్‌పై సంతకముతో తీసికొనవలెను.

క్యూ.టీ.ఎస్. వచ్చినంత మాత్రమున వీసా రాదు. స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సరు లైసెన్సు గల పాఠశాల ఉద్యోగమీయవలెను. అట్టి లైసెన్సు గల సంస్థల జాబితాను బ్రిటిషు ప్రభుత్వము బహిరంగముగా ప్రకటించుచున్నది. పాఠశాల పేరు అందులో లేనిచో ఆ ఉద్యోగము ఎంత ఆకర్షణీయమైనను మనకు పనికిరాదు. ప్రభుత్వమే నడపు టీచింగ్ వేకెన్సీస్ అను ఉచిత వెబ్‌సైటులో ఖాళీలను స్వయముగా వెదకవచ్చును. పాఠశాల ఇచ్చు సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ అనునది, పేరున సర్టిఫికెట్టే యైనను, నిజమునకు కంప్యూటరులో నమోదైన వివరము, దాని సంఖ్య మాత్రమే. కాబట్టి రంగుల ముద్రలతో మెఱయు కాగితమును చేతికిచ్చి "ఇదే మీ స్పాన్సర్‌షిప్" అను వానిని శంకింపవలసినదే. విద్యారంగపు ఉద్యోగమగుటచేత పోలీసు క్లియరెన్సును, భారతీయులకు క్షయవ్యాధి పరీక్ష పత్రమును తప్పనిసరి.

ఖర్చు విషయమున ఎవరి భారము ఎవరిదో తెలిసియుండుట అభ్యర్థికి గొప్ప రక్ష. వీసా రుసుమును, ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జిని సాధారణముగా అభ్యర్థియే భరింపవలసి వచ్చును. రెండు మూడేండ్లకు ఒక్కసారే కట్టవలసి యుండుటచే ఈ మొత్తము పెద్దది. స్పాన్సరు చెల్లింపవలసిన ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జిని మాత్రము ఉపాధ్యాయునిపై మోపరాదు. ఇట్టి అన్యాయము అమెరికాలో ఒకప్పుడు జరిగినది. మేరీలాండులోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలలు తాము భరింపవలసిన హెచ్-1బీ వీసా ఖర్చులను విదేశీ ఉపాధ్యాయులచేతనే పెట్టించినందులకు, 2011లో కార్మికశాఖతో కుదిరిన ఒప్పందము ప్రకారము నలువది లక్షల డాలర్లకు పైగా వారికి తిరిగి చెల్లింపవలసి వచ్చినది. మన దేశమున 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము నమోదైన ఏజెంటే విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చుకొనవలెను. అతడు అభ్యర్థినుండి పుచ్చుకొనదగిన సేవారుసుము 30,000 రూపాయలును, దానిపై జీఎస్టీయును. ఏజెంటు పేరును ఈ-మైగ్రేట్ పోర్టలులో ఎవ్వరైనను సరిచూచుకొనవచ్చును.

అచ్చటి విద్యాసంవత్సరము సెప్టెంబరున ఆరంభమగును. వేసవితో పాఠశాలను విడువదలచిన ఉపాధ్యాయులు మే 31 లోపల రాజీనామా ఇచ్చుట అక్కడి ఆచారము గనుక, ఫిబ్రవరి మొదలు మే వఱకు ప్రకటనలు దట్టముగా వచ్చుచుండును. కావున దసరా సెలవులలో పత్రములను సవరించుకొని, సంక్రాంతి లోపల క్యూ.టీ.ఎస్. దరఖాస్తును పంపుట అనుకూలమైన క్రమము. ఈలోపున అచ్చటి పదునాఱేండ్ల పిల్లలు వ్రాయు జీసీఎస్ఈ పరీక్షల పాఠ్యప్రణాళికను, పాత ప్రశ్నపత్రములను పరీక్షా మండలుల వెబ్‌సైటులనుండి ఉచితముగా దింపుకొని చదువవలెను. ఇంటర్వ్యూలో ఒక చిన్న పాఠమును చెప్పి చూపుమని అడుగుట కద్దు. అప్పుడు నల్లబల్లపై సూత్రము వ్రాసి అప్పజెప్పించు మన అలవాటును విడిచి, ఒక ప్రశ్నతో మొదలుపెట్టి, విద్యార్థి తప్పుగా చెప్పిన సమాధానమునుండియే పాఠమును ముందునకు నడుపుటను మీ తరగతిలో రేపటినుండియే అభ్యసింపవచ్చును.