పైరుపై ఎగురు వృత్తి: డ్రోన్ చోదకులు కాదలచిన యువతకు సూచనలు

విమానము నడుపవలెనను కోరిక గల పిల్లలు మన పల్లెలలోను కలరు. ఆ మాట వినగానే మనకు తోచునది ప్రయాణీకుల విమానమే. కాని ఆ ఉద్యోగమునకు మొదటి మెట్టయిన వాణిజ్య లైసెన్సుకే 200 గంటలు విమానము నడిపిన అనుభవము ఉండవలెను. ఖర్చు పదుల లక్షలలో ఉండును. కొత్తగూడెము, పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతముల రైతు కుటుంబములలో పెక్కింటికి అది అందని మ్రాని పండే.

అయితే ఎగురు వృత్తి అదొక్కటే కాదు. పైరుపై మందు చల్లుట కూడ అట్టిదే. దీనిని ఎన్నుకొనదలచిన యువతీయువకులు, వారి తలిదండ్రులు ముందుగా తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు.

ఈ విద్య పుట్టుక

1921 ఆగస్టు 3వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో, చెట్ల ఆకులను తినివేయుచున్న పురుగులపై ఒక సైనిక విమానము నుండి విషపు పొడి చల్లిరి. విమానముతో మందు చల్లుటకు అదియే ఆరంభము. మన దేశములో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు ఈ పనికై నిర్మించిన 'బసంత్' విమానము 1972లో మొదటిసారి ఎగిరినది. కాని గట్లు, చెట్లు, కరెంటు తీగెల నడుమ ఉన్న ఎకరము, రెండెకరముల చెలకలకు పెద్ద విమానము అనువు కాదు. ఆ కొరతను డ్రోన్ తీర్చినది.

చట్టము కోరునది

2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారము చోదకునికి 18 ఏండ్లు నిండి, 65 ఏండ్లు దాటకుండ ఉండవలెను. పదవ తరగతి ప్యాసయి ఉండవలెను. ప్రభుత్వ గుర్తింపు గల పాఠశాలలో శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, రిమోట్ పైలట్ సర్టిఫికెట్టు పొందవలెను. ఇది పదేండ్ల వరకు చెల్లును. పాస్‌పోర్టు లేనివారు ఓటరు కార్డు, రేషను కార్డు వంటివి చూపవచ్చునని 2023లో సవరించిరి. రాజేంద్రనగరులోని ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయము, బేగంపేటలోని తెలంగాణ విమానయాన అకాడమీ ఈ శిక్షణ నిచ్చు సంస్థలు. ఎక్కడ చేరినను, రుసుము కట్టకముందే ఆ పాఠశాలకు గుర్తింపు కలదో లేదో విచారింపుడు.

డ్రోనుకు గుర్తింపు సంఖ్య, ఇతరులకు జరుగు నష్టమునకు బీమా ఉండవలెను. నిషేధిత ప్రాంతములపై అనుమతి లేక ఎగురవేయరాదు.

ఎగురవేయుట సగము పని మాత్రమే

మీట త్రిప్పుట కొలది దినములలో పట్టుబడును. పైరును, పురుగును, మందును ఎరుగుటకు ఎక్కువ కాలము పట్టును. రైతు బిడ్డలకు ఈ వృత్తిలో గల బలము అదియే.

చేతిపంపుతో ఎకరమునకు సుమారు 150 నుండి 200 లీటర్ల నీరు వాడుదుము. డ్రోనుతో సుమారు 10 లీటర్లే చాలును. పదినిమిషములలో ఎకరము ముగియును. మందు వీపుపై మోయు బాధ తప్పును. కాని నీరు తక్కువ గనుక ద్రావణము చిక్కగా ఉండును. పొరపాటు జరిగిన నష్టము కూడ అంతే త్వరగా జరుగును. అందుచే ఈ క్రింది జాగ్రత్తలు తప్పనిసరి.

1. గాలి చూడవలెను. మన వైపు వరి మడి ప్రక్కనే పత్తి చేను ఉండును. వరిలో చల్లిన 2,4-డి కలుపు మందు గాలికి కొట్టుకొనిపోయి పత్తిపై పడినచో ఆకులు ముడుచుకొని చేను దెబ్బతినును. గాలి వీచునపుడు పని ఆపవలెను. రైతు తొందరపెట్టినను లొంగరాదు.

2. పురుగు ఎక్కడ ఉన్నదో చూడవలెను. వరిలో సుడిదోమ దుబ్బు మొదట ఉండును. పైనుండి పడిన మందు గుబురుగా ఉన్న పైరులో మొదలు వరకు చేరినదో లేదో దిగి చూచుకొనవలెను. చేరనిచో పాయలు తీసి చేతిపంపుతో కొట్టుటే మేలని రైతుకు చెప్పవలెను.

3. తేనెటీగలను కాపాడవలెను. మన చేలకు అడవి దగ్గర. పూతమీద ఉన్న పైరుపై ఈగలు తిరుగు వేళ మందు చల్లరాదు.

4. వాగులు, చెరువులు, బావుల దరిని వదలివేయవలెను. కిన్నెరసాని వంటి ఏటి నీరు మనుషులు, పశువులు త్రాగునది.

5. డ్రోను వాడకమునకు అనుమతింపబడిన మందునే, చెప్పిన మోతాదులోనే వాడవలెను. చేతి తొడుగులు, ముఖమునకు గుడ్డ లేక మందు కలుపరాదు.

లెక్క వేసికొనుడు

ఉదాహరణకు ఎకరమునకు 400 రూపాయల చొప్పున దినమునకు 20 ఎకరములు, ఏడాదికి 60 దినములు పని దొరకినదనుకొందము. వసూలు 4,80,000 రూపాయలు. ఇందులో సహాయకుని కూలి, బండి ఖర్చు, బ్యాటరీల అరుగుదల, మరమ్మతు, బీమా, అప్పు వడ్డీ పోవలెను. పని 30 దినములే దొరకినచో వసూలు సగమగును. అప్పు వాయిదా మాత్రము తగ్గదు. వానకాలములో పని ఒక్కసారిగా మీద పడును, ఎండకాలములో చేతులు ఖాళీగా ఉండును.

కనుక ముందు సర్టిఫికెట్టు పొందుడు. తరువాత డ్రోను గలవారి వద్ద ఒక పంటకాలము పనిచేయుడు. ఎన్ని ఎకరములు వచ్చినవో పుస్తకములో వ్రాసికొనుడు. ఆ లెక్క నిలిచిన పిమ్మటనే కొనుగోలు ఆలోచింపుడు.

స్త్రీలకు ఈ వృత్తి దూరము కాదు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన 'నమో డ్రోన్ దీదీ' పథకము 15,000 మహిళా సంఘములకు డ్రోనులు ఇచ్చుటకు ఉద్దేశింపబడినది. అందులో శిక్షణ 15 దినములు. అయిదు దినములు నడుపుటకు, పది దినములు ఎరువులు, పురుగుమందుల వాడకమునకు. నడుపుటకన్న సేద్యపు పాఠమునకే రెండింతల కాలము కేటాయించిరని గమనింపుడు.

మీ గ్రామమునకు ప్రస్తుతము వర్తించు సహాయమును గూర్చి రైతు వేదికలో విస్తరణాధికారిని అడుగుడు. సర్టిఫికెట్టు మీ చేతికి గాలిలో అధికారమిచ్చును. కాని రైతు మిమ్ము మరల పిలుచుట చేనులో కనబడు ఫలితమును బట్టియే.