దగ్గు తగ్గింది, మాత్రలు ఆపేద్దామా?

"రెండు నెలలు మందు వేసుకున్నాను హకీం సాబ్. జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. ఇంకా నాలుగు నెలలు దేనికి?" క్షయ రోగులు తరచూ అడిగే ప్రశ్న ఇది.

ఈ జబ్బును యునానీలో సిల్ అంటారు. మన పెద్దలు తపేదిఖ్ అనేవారు. షేఖ్ బూ అలీ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో దీనిని అంటువ్యాధులలో చేర్చారు. ఏ ఇద్దరి మిజాజూ అచ్చంగా ఒకటి కాదని కూడా ఆయన రాశారు. మనుషులలోని ఈ తేడా కంటికి కనబడని కణాలలోనూ ఉందని ఈనాటి శాస్త్రం చూపింది. పై ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఒకే తల్లి పిల్లలైనా...

క్షయ క్రిమి అంటే ఒకే ఒక్క కణం. అది రెండుగా చీలితే రెండింటిలోనూ అవే జన్యువులు. మరి రెండూ ఒకేలా ప్రవర్తించాలి కదా? కానీ అలా జరగదు.

1944లో జోసెఫ్ బిగ్గర్ అనే ఐర్లండ్ వైద్యుడు చీము పుట్టించే క్రిములపై పెన్సిలిన్ ప్రయోగించారు. దాదాపు అన్నీ చచ్చాయి. సుమారు పది లక్షలకు ఒకటి చొప్పున మిగిలాయి. వాటి సంతానంపై మళ్లీ పెన్సిలిన్ వేస్తే మామూలుగానే చచ్చాయి! అంటే అవి మందుకు లొంగని జాతి కావు. మందు పడిన వేళకు పెరగకుండా నిద్రలో ఉన్నాయంతే. పెరిగే క్రిమి కట్టుకునే గోడను చెడగొట్టేది పెన్సిలిన్. పని ఆపి పడుకున్న దానిని అది ఏమీ చేయలేదు.

2004లో శాస్త్రవేత్తలు ఒక్కొక్క క్రిమినీ విడిగా సూక్ష్మదర్శినితో గమనించారు. మందు వేయకముందే కొన్ని నిద్రలో ఉన్నాయని తేలింది. క్షయ క్రిమి వర్గంలో కణం చీలినప్పుడు పుట్టే రెండింటికీ పరిమాణంలో, పెరిగే వేగంలో, మందుకు లొంగడంలో తేడా ఉంటుందని 2012లో కనుగొన్నారు.

కారణమేమిటి? కణంలో ప్రోటీన్లు లెక్కపెట్టినట్లు తయారు కావు. ఒకదానిలో ఎక్కువ, మరొకదానిలో తక్కువ ఉంటాయి. చీలేటప్పుడు పంపకం కూడా సమానంగా జరగదు. లక్షల కణాలను కలిపి సగటు చూస్తే ఈ తేడా మరుగున పడుతుంది.

ఆరు నెలల లెక్క

అందుకే క్షయకు ఒక్క మందు చాలదు. చురుగ్గా పెరిగే క్రిములను ఐసోనియాజిడ్ చంపుతుంది. అప్పుడప్పుడు మేలుకునే వాటిని రిఫాంపిసిన్ పట్టుకుంటుంది. ఆమ్లంలో దాగి మందకొడిగా ఉన్నవాటికి పైరజినమైడ్. మందుకు లొంగని క్రిములు తలెత్తకుండా ఇథాంబ్యుటాల్ తోడుంటుంది. మొదటి రెండు నెలలు ఈ నాలుగూ, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడూ ఇస్తారు.

మొదటి నెలలలో చురుకైన క్రిములు చస్తాయి గనుక దగ్గు, జ్వరం తగ్గుతాయి. మిగిలిన నెలలు నిద్రపోయే వాటికోసం. మధ్యలో ఆపితే అవి మేలుకొని జబ్బు తిరగబెట్టవచ్చు. ఇంట్లోని పసిపిల్లలకూ అంటవచ్చు. ఆపుతూ, మళ్లీ మొదలుపెడుతూ ఉంటే మందుకు లొంగని క్షయగా మారే ప్రమాదముంది.

మీరు గుర్తుంచుకోవలసినవి

* మాజూన్, ఖమీరా, కుష్తా ఏవీ ఈ మాత్రలకు బదులు కావు. వీటితోపాటు ఏది వాడాలన్నా ముందు డాక్టరుకు చెప్పండి. ఈ మాత్రలకే కాలేయంపై భారం పడుతుంది. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

* మూత్రం నారింజ రంగులో వస్తే భయపడి మందు మానకండి. అది రిఫాంపిసిన్ రంగు.

* బళ్ళారి నుంచి గుంతకల్లుకో, ఆదోనికో పనికోసం, పెళ్లికోసం వెళ్లవలసి వస్తే ముందుగా ఆరోగ్య కేంద్రంలో చెప్పండి. నిక్షయ్ నంబరు ఉంటే రాష్ట్రం మారినా చికిత్సను అక్కడికి మార్పిస్తారు.

* రంజాన్‌లో మాత్ర తప్పించకండి. రోగి రోజాలను తరువాతి దినాలలో పూర్తి చేసుకునే అనుమతి ఖుర్ఆన్‌లోనే ఉంది.

* పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. పౌష్టికాహారానికి ఇచ్చే నెల సాయం 2024 నవంబరు నుంచి 1000 రూపాయలకు పెరిగింది. దానితో గుడ్లు, పప్పు, పాలు కొనండి.

కోర్సు ముగిసిందో లేదో దగ్గును బట్టి మీరు తేల్చకండి. కఫం పరీక్ష చేయించి డాక్టరు చెప్పాలి. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.