పురుగు బాగుంటే ఆకు మంచిదేనా?

ఈ వారం పాఠం భార లోహాల గురించి. సీసం, క్యాడ్మియం, పాదరసం, క్రోమియం లాంటివి ఇవి.

2018 నుంచి మన కోలారు చెరువులకు బెంగళూరు కోరమంగల-చల్లఘట్ట వ్యాలీ నీళ్లు వస్తున్నాయి. ఎండిన బోర్లలో మళ్లీ నీళ్లు ఊరాయి, కాదనలేం. కానీ అవి రెండో దశ వరకు శుద్ధి చేసిన మురుగు నీళ్లు. ఆ శుద్ధి ముఖ్యంగా కుళ్లే మురికిని తీసేందుకే. ఫ్యాక్టరీ నీళ్లు మురుగులో కలిసుంటే లోహాలు కొంత తగ్గుతాయి గానీ పూర్తిగా పోతాయని నమ్మలేం.

"ఆ ఆకే తిని పురుగు గూడు కట్టింది కదా, ఇంకేం భయం?" అంటారు చాలామంది. పురుగు ఆకు తినేది 25 రోజులే. తిన్న క్యాడ్మియంలో చాలా భాగం పెంటలో వదిలేస్తుంది. ఆ పెంట మళ్లీ మన తోటకే ఎరువు. లోహం కుళ్లదు, ఆవిరైపోదు, మట్టిలోనే ఉంటుంది.

మన ఒంట్లో అలా కాదు. క్యాడ్మియం కిడ్నీల్లో చేరితే సగం పోయేందుకే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. జపాన్‌లో జింజు నది ఒడ్డున గని నీళ్లు వరి మళ్లకు పారి, ఆ బియ్యం తిన్న ఆడవాళ్లకు కిడ్నీలు చెడి ఎముకలు విరిగాయి. 1968లో ప్రభుత్వం ఆ జబ్బుకు కారణం క్యాడ్మియమేనని ఒప్పుకుంది. సీసమైతే పిల్లల మెదడుకు దెబ్బ. ఇంత వరకు ఫరవాలేదు అనే లెక్క దానికి లేదు.

మనం చేయాల్సినవి:

1. తాగే బోరు నీళ్లు ల్యాబులో చూపించండి. లీటరుకు సీసం 0.01, క్యాడ్మియం 0.003 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే లోహాలు పోవు.

2. భూసార కార్డులోని 12 పరీక్షల్లో సీసం, క్యాడ్మియం లేవు. విడిగా అడిగి చేయించాలి.

3. మురుగు నీళ్లు పారే మల్బరీ సాళ్ల మధ్య ఇంటికని ఆకుకూరలు వేయకండి. ఆకుకూరలు క్యాడ్మియంను బాగా లాగుతాయి.

4. సిటీ కంపోస్టు కొనేముందు పరీక్ష రిపోర్టు అడగండి. కిలోకు క్యాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములు మించకూడదు.

5. పులుపు నేలలో చెట్టు క్యాడ్మియంను ఎక్కువ తీసుకుంటుంది. పరీక్షలో పులుపు అని తేలితే, చెప్పిన మోతాదులో సున్నం వేయండి.

రిపోర్టు వచ్చినవాళ్లు గ్రూపులో పెట్టండి. పక్క తోట రైతుకూ పనికొస్తుంది.